వదిన అడిగిన పూరీలు

మా ఇంట్లో ఎవరూ కూర్చుని ఏ భాషనూ నేర్చుకోలేదు. అవే వచ్చి అంటుకున్నాయి. చెరుకు బండ్లు నడిచే కాలంలో బోధన్ వీధుల్లో తిరిగి వస్తే కాళ్లకు పిప్పి అంటుకునేది చూడండి, అట్లా. బాపు, అంటే మా నాన్న, నిజాం కాలపు బడిలో ఉర్దూలోనే చదువుకున్నాడు. అందుకని లెక్క ఉర్దూలో చేసేవాడు, లెక్క తప్పితే తెలుగులో తిట్టేవాడు. అన్న చక్కెర ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. అక్కడ మిషన్ల పేర్లు ఇంగ్లీషు, మేస్త్రీల మాటలు ఉర్దూ, పక్కన పనిచేసేవాళ్లది కోస్తా తెలుగు. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, అలవాటులో "అవ్వా, అన్నం పెట్టండి" అన్నాడు. మా దగ్గర అవ్వ అంటే అమ్మ. అవ్వ గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఎవలనురా అండి అంటున్నవ్? నేనేమన్న కలెక్టర్‌నా? అన్నం పెట్టవే అవ్వా అను, పెడ్త."

పక్కింటి ఖాలాది తరతరాలుగా ఊళ్లో ఉన్న కుటుంబం. వాళ్లాయన టోపీలు కుట్టేవాడు. ఖాలాకు తెలుగు కూరగాయల వాళ్లతో కొట్లాడి వచ్చింది. అందుకే కోపంలో ఆవిడ తెలుగు గలగలా పారేది. ప్రేమ వస్తే మాత్రం ఉర్దూలోకి పోయేది. గోడకు ఇటు నిలబడి నేను ఉర్దూ, అటు నిలబడి ఆమె పిల్లలు తెలుగు, అడగకుండానే అప్పు తీసుకున్నాం.

మా అవ్వకు వచ్చింది ఒక్క తెలుగే. కానీ తనకు ఉర్దూ కూడా వచ్చని ఆమెకు గట్టి నమ్మకం. "హౌ" అంటే అవును, "నక్కో" అంటే వద్దు, "జల్దీ" అంటే తొందరగా. ఈ మూడు మాటలతో దునియా మొత్తం తిరిగి రావచ్చని ఆమె అభిప్రాయం. ఎవరన్నా ఉర్దూలో మాట్లాడుతుంటే, అర్థమైనా కాకపోయినా, మధ్యమధ్యలో "హౌ హౌ" అంటూ తల ఊపేది.

ఇక మరాఠీ అంగట్లో వినబడేది. సాలూర దాటి, మంజీర దాటితే అవతలంతా మరాఠీయే. మా చిన్నప్పుడు అదీ ఇదీ అంతా ఒకటే రాజ్యం. తరువాత రాష్ట్రాలు విడగొట్టి మధ్యలో గీత గీశారు. గీత గీస్తే అంగడి ఆగుతుందా? ఎడ్లు అటునుంచి వచ్చేవి, పసుపు ఇటునుంచి పోయేది. సంబంధాలూ ఆగలేదు. మా వదిన అట్లా వచ్చిందే.

వదిన వాళ్ల నాన్న ఎడ్ల బేరానికి మా అంగడికి వచ్చేవాడు. ఆయన మనలాగే తెలుగు మాట్లాడేవాడు, మనలాగే బేరంలో ఒట్లు పెట్టుకునేవాడు. బాపుకు ఆయనంటే మహా ఇష్టం. మా కులమే, దూరపు చుట్టరికం కూడా కలిసింది. తండ్రికి ఇంత తెలుగు వస్తే బిడ్డకు రాకుండా ఉంటుందా అని ఎవరూ అడగనే లేదు. బిడ్డేమో చిన్నప్పటినుంచి ఎక్కడో లోపల, నాందేడ్ అవతల, అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఆ సంగతి లగ్గం అయ్యాక, పిల్ల ఇంట్లోకి కుడికాలు పెట్టాక తెలిసింది.

అవ్వ "రా బిడ్డా, కూసో" అంది. వదిన తల వంచుకుని, చిన్న గొంతుతో "కాయ్?" అంది.

"ఏం కాయనే?" అని అవ్వ నన్నడిగింది. "ఇంట్ల బీరకాయలు తప్ప ఏం లేవు గదా!"

'కాయ్' అంటే 'ఏమిటి' అని నాకు అంగట్లో విన్న గుర్తు. చెప్పాను. అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి దేవుడా! గీ పిల్లకు తెలుగు రాదా?"

పోనీ అన్నకైనా మరాఠీ వచ్చా అంటే, వాడికి వచ్చింది బజారు మరాఠీ. "కిత్తీ?" అంటే ఎంత, "ద్యా" అంటే ఇవ్వు. ఈ రెండు మాటలతో వంకాయలు కొనొచ్చుగానీ సంసారం చెయ్యలేం. బాపు అన్నకంటే చాలా నయం, కానీ ఆ రోజుల్లో మామ కోడలితో ఎదురుగా నిలబడి మాట్లాడడు. పైగా మా ఇంట్లో మొగవాళ్లు ముందు తిని లేస్తారు, ఆడవాళ్లం తరువాత తింటాం. అంటే మరాఠీ తెలిసిన మనిషి వంటింట్లో లేడు, వంటింట్లో ఉన్నవాళ్లకు మరాఠీ లేదు.

మొదటి రోజు వదిన పళ్లెంలో అవ్వ అన్నం పెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారి పెట్టబోతుంటే వదిన పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి "పురే, పురే" అంది.

అవ్వ ఆగింది. చెయ్యి అడ్డం పెట్టడం ఆమెకు కొత్తేమీ కాదు. మా దగ్గర కొత్త కోడలు చెయ్యి అడ్డం పెట్టకపోతేనే వింత. అది మొహమాటం, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ నోట్లోంచి వచ్చిన మాట ఏంటి?

"చెయ్యేమో వద్దంటున్నది, నోరేమో పూరీ అంటున్నది. దేన్ని నమ్ముదునే?" అని నాతో గుసగుసలాడింది. నోటినే నమ్మింది.

ఆ కాలంలో పూరీ అంటే పండుగ. మాకు రోజూ జొన్నరొట్టె, అన్నం. గోధుమపిండి డబ్బా అటక మీద ఉండేది, పల్లినూనె జాగ్రత్తగా వాడుకునేవాళ్లం. అయినా అవ్వ పౌరుషం గల మనిషి. కొత్త కోడలు నోరు తెరిచి అడిగితే లేదంటుందా? తెల్లారి మూకుడు పొయ్యి మీద పెట్టింది. పూరీలు బుస్సుమని పొంగాయి. నాకైతే పండుగే అయింది. వదిన పళ్లెంలో వేడివేడిగా పేర్చింది.

వదిన కొన్ని తిని, మళ్లీ చెయ్యి అడ్డం పెట్టి, "పురే, ఆయీ, పురే" అంది.

"ఇంకా?" అంది అవ్వ. ఇంకా పెట్టింది.

మళ్లీ "పురే." మళ్లీ పూరీ. పాపం, పెట్టింది ఎంగిలి వదిలేస్తే అత్తగారింట్లో తప్పు పడతారని వదిన భయం. కళ్లు మూసుకుని మింగుతుంది. మింగింది గనుక ఇంకా కావాలని అవ్వ అనుకుంటుంది. ఎట్లా ఆగుతుంది చెప్పండి!

అవ్వకు అనుమానం వచ్చి ఖాలాను పిలిచింది. మరాఠీకి ఉర్దూ దగ్గరి చుట్టమని ఎవరో చెప్పారట. ఖాలా చేతులు తుడుచుకుంటూ, వకీలు కోర్టుకు వచ్చినంత దర్జాగా వచ్చి వదిన ముందు కూర్చుంది. పళ్లెంలో పూరీలున్నాయి. వదిన ఆమెను ఆశగా చూసి, "పురే" అంది.

ఖాలా ఫక్కున నవ్వింది. "అరే అక్కా, పూరే బోల్‌రీనా! పూరే అంటే మొత్తం. అన్నీ గావాల్నంట పిల్లకు!"

"అన్నీనా!" అంది అవ్వ.

"హౌ. పూరే కే పూరే."

తరువాత వదిన పప్పు గిన్నె చూపించి "మీఠ్" అంది. ఖాలా దానికీ తడుముకోలేదు. "మీఠా అడుగుతున్నది. తియ్యగ గావాలె." అవ్వ పోయి చక్కెర తెచ్చి పప్పులో వేసింది. ఫ్యాక్టరీ ఊళ్లో చక్కెరకేం కరువు? వదిన ఆ పప్పు ఒక్క ముద్ద తిని నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అవ్వ నిజంగా మంచిది. కానీ పిండి డబ్బా అడుగు కనబడేసరికి ఆమె నోరు ఊరుకోలేదు. "పొద్దుగాల పూరీలు, మాపటికి పూరీలు, పప్పుల శక్కరి! రాణివాసం కెల్లి వచ్చిందా ఏంది? గింత తింటే కూడ గట్ల పుల్ల లెక్కనే ఉన్నదేందే!" అని గొణిగేది. మాట అర్థం కాకపోయినా మొహం అర్థం కాదా? వదిన రోజురోజుకూ ముడుచుకుపోయింది. నాకు అక్క లేదు. వదిన వస్తే ఒకటే ముచ్చట్లని లగ్గానికి ముందు ఎంత కలగన్నానో! వచ్చిన వదిన ఏమో మూలకు కూర్చుని పైట కొంగుతో కళ్లు అద్దుకుంటుంది. నాకు అవ్వ మీద కోపం, ఖాలా మీద కోపం, ఏమీ తెలియనట్టు సైకిల్ గంట కొట్టుకుంటూ వచ్చే అన్న మీద అందరికంటే ఎక్కువ కోపం.

చివరికి వదినకు కడుపునొప్పి వచ్చింది. "పోట్, పోట్" అని మెలికలు తిరిగింది. పోట్ అంటే కడుపట వాళ్ల భాషలో. అవ్వ దాన్ని మన 'పోటు' అనుకుని వాము నలిపి పెట్టింది. అర్థం తప్పైనా మందు సరిపోయింది. ఆ ఒక్కసారికి మా ఇంటి మరాఠీ నెగ్గింది.

ఆ సాయంత్రం బావి దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుంది. "మలా ఘరీ జాయ్చ," అని వెక్కి వెక్కి ఏడ్చింది. మిగతాది నాకు తెలియలేదు గానీ 'ఘరీ' తెలిసింది. ఘర్ అంటే ఇల్లు. ఈమె ఇల్లంటున్నది ఈ ఇంటిని కాదు. కొత్త కోడలు పుట్టింటికి పోవడం మామూలే. కానీ ఏడ్చుకుంటూ పోయిన కోడలు తిరిగి వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? మా వీధిలోనే ఒకరు అట్లా పోయి, పోయినట్టే ఉండిపోయారు.

ఇంట్లోకి ఉరికి చెప్పేశాను. అన్న మొహం మాడిపోయింది. "నాతోని ఒక్క మాటన్న అనలేదు గదా," అన్నాడు.

"నువ్వు ఏ భాషల అడిగినవని నీతోని అంటది?" అని విరుచుకుపడ్డాను.

అవ్వ పొయ్యి ముందు అట్లాగే కూర్చుండిపోయింది. "ఇల్లు ఊడ్సి పెట్టిన గదనే. ఏది అడిగితే అది పెడ్తిని. ఇంకేం జెయ్యాలె నేను?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. అది చూసి నాకు భయం వేసింది.

బాపు అంగట్లో అటువైపు పోయేవాళ్లతో కబురు పంపాడు. మరుసటి అంగడికి వదిన వాళ్ల నాన్న దిగాడు. బిడ్డను చూశాడు, బిడ్డ ఆయన్ను పట్టుకుని ఏడ్చింది, ఆ ఏడుపులో 'ఘరీ' ఒక్కటే వినబడింది. ఇంటికి వచ్చిన వియ్యంకుడికి అన్నం పెట్టకుండా మాటలేంటి? అవ్వ ఆయన్ను కూర్చోబెట్టి, ఉన్న పిండంతా కలిపి పూరీలు చేసింది. చివరిసారి కూడా లోటు జరిగిందనిపించుకోకూడదని ఆమె పంతం. గోడ మీదినుంచి ఖాలా తల కనబడుతూనే ఉంది.

ఆయన కడుపునిండా తిన్నాడు. అవ్వ ఇంకో రెండు వెయ్యబోయింది. ఆయన పళ్లెం మీద చెయ్యి పెట్టి, "పురే, పురే అక్కా!" అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. "సూసినవా! తండ్రి కూడ గంతే! ఇంటిల్లిపాదికి పూరీల పిచ్చే!" అని పళ్లెంలో నాలుగు పడేసింది.

"అయ్యో అక్కా, సాలంటున్న గదా!"

"యాడ అన్నవ్ అన్నా సాలని? పూరీ అంటివి!"

"పూరీ కాదక్కా, పురే. మా దిక్కు పురే అంటే సాలు అని."

మూకుట్లో నూనె చిటపటలాడుతోంది. అవ్వ చేతిలోని చిల్లుల గరిటె మెల్లగా కిందికి దిగింది.

"అంటే... గిన్నొద్దుల సంది పిల్ల నాతోని సాలు సాలు అంటున్నదా?"

"నీతోని సాలు అన్నదా?" అని ఆయన బిడ్డ వైపు తిరిగి మరాఠీలో ఏదో అడిగాడు. వదిన తల ఊపింది. పళ్లెంలో పూరీల కుప్ప ఇంత ఎత్తని చేతులతో చూపించింది. ఆయనకు నవ్వు ఆగలేదు, పొరమారింది, నీళ్లు తాగించాల్సి వచ్చింది.

"మరి వద్దనుకుంటే నక్కో అనొచ్చు గదా!" అని అవ్వ మొత్తుకుంది. "నక్కో నాకు తెల్వదా? మస్తు తెలుసు!"

"అన్నం ముందట కూసొని నకో అనొద్దని వాళ్ల అమ్మమ్మ నేర్పిందక్కా. పెట్టినోళ్ల మనసు నొస్తదని. పురే అంటే మర్యాద."

మర్యాద! ఆ మర్యాదే పిల్ల ప్రాణం తీయబోయింది. అవ్వకు ఇంకోటి గుర్తొచ్చింది. "మరి మీఠు?"

"ఉప్పు."

"ఉప్పా! నేను పప్పుల శక్కరి పోసి పోసి సంపితి గదరా దేవుడా!" అవ్వ గోడ వైపు చూసింది. గోడ మీద ఖాలా తల మాయమైంది. గోడ అవతలనుంచి మాట ఒక్కటే వచ్చింది. "మేరేకు క్యా మాలూమ్, అక్కా! నేనేమన్న మరాఠీ చదివిన్నా?"

ముందు నవ్వింది వదినే. అంత నవ్వు ఆ పీల మనిషిలో ఎక్కడ దాచిందో! తరువాత నేను, తరువాత అవ్వ. అవ్వ నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

కానీ నవ్వినంత మాత్రాన పోవడం ఆగలేదు. ఆయన బిడ్డను తీసుకుపోవడానికే వచ్చాడు, బిడ్డ మూట కట్టుకునే ఉంది. మూట ముడి వేస్తూ వదిన నన్ను సైగ చేసి పిలిచింది. తలుపు వైపు చూపించి, దండం పెట్టినట్టు చేసి, "కాయ్?" అంది. పోయేటప్పుడు ఏమనాలి అని. "పోయొస్త" అని చెప్పాను. పోయి, వస్త. చెయ్యి అటూ ఇటూ ఊపి చూపించాను. వదిన పెదవులు కదుపుకుంటూ వల్లె వేసింది. వాళ్ల నాన్న చెప్పాడు, మరాఠీలోనూ పోయేటప్పుడు పోతాననరట. 'వస్తా' అంటారట. ఖాలా వాళ్లు కూడా 'జాకే ఆతూఁ', అంటే పోయొస్త అనే అంటారు. అది విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

బస్టాండుకు అందరం పోయాం. సాలూర మీదుగా పోయే బస్సు అప్పటికే హారన్ కొడుతోంది. అన్న మూట బస్సులో పెట్టి, ఏమనాలో తెలియక "ద్యా" అన్నాడు, అంటే ఇవ్వు. దేన్ని ఇవ్వమన్నాడో వాడికే తెలియాలి. వదిన వంగి అవ్వ కాళ్లకు మొక్కి, "పోయొస్త, ఆయీ" అంది.

"గదేందన్నా, పొద్దుకు పదిమార్లు గట్ల ఆయీ ఆయీ అని మూల్గుతది?" అని అవ్వ వదిన నాన్నను అడిగింది. "ఇంకా కడుపు నొస్తున్నదా?"

ఆయన అవ్వను చూశాడు. "ఆయి అంటే అవ్వ, అక్కా. నిన్ను అవ్వా అంటున్నది."

మా దగ్గర కోడలు అత్తను అత్తా అంటుంది. ఈ పిల్ల మొదటి పూరీ నుంచీ, కోపంగా చూసినప్పుడూ, చక్కెర పప్పు పెట్టినప్పుడూ, అవ్వా అని పిలుస్తూనే ఉంది. బస్సు కదిలింది. అప్పుడు అవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఆ జనంలో బస్సు పక్కన పరుగెత్తింది.

"బిడ్డా! ఒక్క వారం ఉండు మీ ఇంటికాడ! ఒక్క వారం!" అని కిటికీ మీద చెయ్యి అడ్డం పెట్టి అరిచింది. "పురే! పురే!"

వదిన కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. నవ్విందో ఏడ్చిందో దుమ్ములో నాకు కనబడలేదు.

ఆ వారం అవ్వ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నన్ను పట్టుకుని మరాఠీ అడిగేది. నీళ్లను ఏమంటరు, కూసోను ఏమంటరు అని. నాకు ఏం తెలుసు? ఇద్దరం అంగడికి పోయి, మరాఠీ ఆడవాళ్ల వెనక నిలబడి మాటలు ఏరుకొచ్చాం.

వారం అయ్యాక అన్న పోయి తీసుకొచ్చాడు. బస్సు దిగింది ముందు వదిన. వెనక అన్న, కడుపు పట్టుకుని. ఏమైందని అడిగితే వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ల అమ్మమ్మ అల్లుడికి వడ్డిస్తుంటే వీడు మర్యాదగా, ఫ్యాక్టరీలో నేర్చిన తెలుగులో, "చాలు, చాలు" అన్నాడట. వాళ్ల భాషలో చాలూ అంటే కానివ్వు, నడవనివ్వు అని. ముసలావిడ సంతోషంగా నడిపించింది. "నా బిడ్డ ఉసురు తగిలింది నీకు!" అని అవ్వ వాడిని తిట్టింది. నా బిడ్డ అన్నది వదినను.

మొగవాళ్లు తిని లేచాక వదినకు అవ్వ అన్నం పెట్టింది. పప్పులో ఉప్పు సరిగ్గా వేసి, ఉప్పు గిన్నె కూడా పక్కన పెట్టి "మీఠ్" అని చూపించింది. ఒకసారే వడ్డించి, గరిటె ఎత్తి పట్టుకుని అడిగింది.

"పురేనా?"

వదిన పళ్లెం వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది. దారంతా వల్లె వేసుకుంటూ వచ్చినట్టుంది, ఒక్కో మాటా జాగ్రత్తగా పేర్చి అంది. "అన్నం సాలు. పూరీ గావాలె, అవ్వా."

అవ్వ నా వైపు తిరిగింది. "ఇప్పుడు ఏమన్నదే? సాలన్నదా, గావాల్నన్నదా?"

"గావాల్నన్నది."

"నిజం పూరీయేనా?"

"నిజం పూరీయేనే అవ్వా!"

అవ్వ కళ్లు తుడుచుకుని, స్టూలు వేసుకుని, ఆ వారంలోనే మళ్లీ నింపి అటక మీద పెట్టిన పిండి డబ్బా దించింది.